రెండు నెలల ముందు చెప్పాలి

ఆటోకి డబ్బులు మా ఆయనే ఇచ్చాడు. నాకు అక్కడే అనుమానం రావలసింది.

పెళ్ళయి ఇరవై మూడేళ్ళు. గుడికి వెళ్ళొస్తానంటే "మరి ఇక్కడ పనెవరు చూస్తారు?" అనే మనిషి, ఆ కార్తీక సోమవారం పొద్దున్నే తనే వచ్చి, "పాపాయి వాళ్ళు ద్రాక్షారామం వెళుతున్నారంట కదా, నువ్వూ వెళ్ళిరా దుర్గా. ఎప్పుడు చూసినా ఆ మట్టిలోనే ఉంటావు" అంటూ ఐదు వందల నోటు చేతిలో పెట్టాడు. నేను పొంగిపోయాను. దాచుకున్న కొత్త చీర తీసి కట్టుకున్నాను కూడా. నలభై ఆరేళ్ళొచ్చాయి, బుద్ధి మాత్రం రాలేదు.

దర్శనం వరసలో ఉండగా మా అత్తగారు ఫోన్ చేసింది. తలుపులమ్మ ఆవిడ పేరు. ఫోన్ ఎందుకు, ఊరికే అరిచినా వినిపిస్తుంది ఆవిడ గొంతు.

"అమ్మాయ్, నీ చెట్లు అమ్మేశావేంటి?"

"ఏ చెట్లండి?"

"నీ వెండి చెట్లే. జేసీబీ వచ్చింది, రెండు లారీలొచ్చాయి. మావాడు దగ్గరుండి తవ్విస్తున్నాడు. నాకు చెప్పకుండా నువ్వు అమ్మవు కదా అని చేశాను."

వరసలో ముందున్న వాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూశారు. నాతో అంట్లు కట్టే పాపాయి నా చెయ్యి పట్టుకుని, "ఏంటే, ఏమైంది?" అంది.

"స్వామికి నా దణ్ణం కూడా నువ్వే పెట్టెయ్" అని తాడు కింద నుంచి దూరి బయటికి వచ్చేశాను.

ఒక్కదాన్నే ఆటో మాట్లాడుకుని మా కడియం బయల్దేరాను. గంట దారి. ఆ గంటా నేను మా ఆయన్ని మనసులో అన్న మాటలు ఇక్కడ రాయలేను. ఆటో అతను అద్దంలోంచి రెండుసార్లు చూసి, మూడోసారి పాట ఆపేశాడు.

ఆ చెట్ల సంగతి చెప్పాలి. బిస్మార్క్ అంటారు, పామ్ జాతి. తాటాకులంతేసి ఆకులు, వెండి పూత పూసినట్టు మెరుస్తాయి. పద్నాలుగేళ్ళ కిందట నేను ఒక పెద్ద నర్సరీకి అంట్లు కట్టడానికి వెళ్ళేదాన్ని. కట్టిన అంటుకి ఇంత అని కూలి. ఆ ఏడు కూలిలో సగం డబ్బుగా వద్దు, బిస్మార్క్ మొలకలుగా ఇమ్మన్నాను. నలభై ఇచ్చారు. తీసుకొచ్చి మా నర్సరీ వెనక కాలవ వైపు వరసగా నేలలో పాతాను.

సంచుల్లో పెంచకుండా నేలలో పెట్టావేంటని అందరూ అడిగారు. సంచిలో మొక్కయితే ఎవరైనా ఎత్తి లారీలో పడెయ్యవచ్చు. నేలలో పెరిగిన బిస్మార్క్ అలా రాదు. ముందు చుట్టూ గాడి తవ్వి ఒక పక్క సగం వేళ్ళు కొయ్యాలి. నెల ఆగాలి. లోపల పిల్లవేళ్ళు పుట్టాక రెండో పక్క కొయ్యాలి. మళ్ళీ నెల. అప్పుడు మట్టి చెదరకుండా గోనెపట్టా చుట్టి తాడు బిగించి ఎత్తితే బతుకుతుంది. తొందరపడి ఒక్క రోజులో లాగితే, ఎంత నీళ్ళు పోసినా చస్తుంది.

నాకు కావలసింది సరిగ్గా అదే. రెండు నెలల ముందు చెబితే తప్ప చేతికి రాని సొమ్ము.

ఎందుకంటే గంటలో చేతికొచ్చే సొమ్మేదీ మా ఇంట్లో నిలవలేదు. నా గాజులు నా చేతులకున్న రోజుల కంటే బ్యాంకులో ఉన్న రోజులే ఎక్కువ. లాక్‌డౌన్‌లో లారీలు ఆగిపోయి, అమ్ముడుపోని మొక్కలు సంచులు చీల్చుకుని నేలలోకి వేళ్ళు దించేసిన రోజుల్లో మొదటిసారి వెళ్ళాయి. తిండికి వెళ్ళాయి, నేనేమీ అనలేదు. విడిపించుకుని ఆరు నెలలు కాకుండానే మళ్ళీ వెళ్ళాయి. ఈసారి కారుకి. ఇళ్ళలో కూర్చున్న జనమంతా మొక్కలు పెంచడం మొదలుపెట్టారు, ఎన్నడూ లేనంత అమ్మకం. నాలుగు డబ్బులు ఆడేసరికి ఈయన కాళ్ళు నేల మీద ఆనలేదు. కారు కొన్నాడు. గేటు మీద 'నాగదుర్గా గార్డెన్స్' అని లైట్ల బోర్డు పెట్టించాడు. నా పేరు బోర్డు మీద పెట్టాడు, బ్యాంకు పుస్తకం మీద పెట్టలేదు. తరవాత వరదొచ్చి గోదావరి లంకలో వేసిన మొక్కలన్నీ పోయాయి. బోర్డుంది, దానికి కరెంటు బిల్లు కట్టే దిక్కు లేదు. నేను చీటీ వేస్తే రెండో నెలలోనే పాడేసుకున్నాడు. భీమవరంలో చదివే మా దేవిశ్రీ ఫీజుకి నేను రెండు నర్సరీల్లో అంట్లు కట్టాను. చెట్లు మాత్రం ముట్టుకోలేదు. "అవి అమ్మితే అయిపోయేదానికి ఎందుకే ఈ కష్టం" అని ఈయన అన్నప్పుడల్లా, "రెండు నెలలు పడుతుందండి, ఫీజు ఎల్లుండి కట్టాలి" అనేదాన్ని. అంతటితో నోరు మూతపడేది.

ఇప్పుడు వాటి అవసరం వచ్చింది. మా షెడ్డూ, బోరూ, రెండు గదుల ఇల్లూ ఉన్న పదిహేను సెంట్లూ కౌలు భూమే. భూమిగల సత్యప్రసాద్ గారు అమ్మేస్తున్నారు. జనవరి నెలాఖరు వరకూ మా కోసం ఆగుతానన్నారు. ఆ తరవాత అడిగిన వాళ్ళకి ఇచ్చేస్తారు, పద్దెనిమిదేళ్ళుగా పెంచుకున్నదంతా సంచుల్లో పెట్టుకుని మేం లేచిపోవాలి. "రిజిస్ట్రేషన్ నీ పేరు మీదే చేస్తానమ్మా. మీ ఆయన పేరు మీద చేస్తే అది మళ్ళీ ఏ వెంచర్లో తేలుతుందో" అని నవ్వారాయన. నాకు నవ్వు రాలేదు. బెంగుళూరు పార్టీ ఒకటి నలభై చెట్లూ తీసుకుంటానంది. ఆ డబ్బూ, మళ్ళీ విడిపించుకున్న గాజుల్లో మా అమ్మ చేయించిన జత తప్ప మిగతావీ కలిస్తే సరిపోతుంది. పోయిన వారమే పన్నెండు చెట్లకి చుట్టూ గాడి తీయించి, సగం వేళ్ళు కోయించి, గుర్తుకి ఎర్ర గుడ్డలు కట్టాను. అన్నీ ఈయనకి తెలుసు.

తెలిసే, నన్ను గుడికి పంపించాడు.

నర్సరీ గేటు ముందు రెండు లారీలు ఆగి ఉన్నాయి. వెనక కాలవ వైపు నుంచి జేసీబీ చప్పుడు. చెప్పులు ఎక్కడ వదిలేశానో, చీర ఎలా ఎత్తిపట్టానో, పరిగెత్తాను.

ఒక చెట్టు అప్పటికే పడిపోయి ఉంది. మొదలు చుట్టూ గంపెడు మట్టి కూడా నిలవలేదు. తెగిన వేళ్ళు తెల్లగా, తడిగా, చీపురులా బయటికొచ్చి ఉన్నాయి. వెండి ఆకులు మట్టిలో విరిగి పడ్డాయి. బకెట్టు రెండో చెట్టు మొదల్లో దిగబోతోంది.

నేను వెళ్ళి ఆ చెట్టుకి వీపానించి నిలబడ్డాను.

"ఆపు బాబూ."

డ్రైవరు మా ఆయన వంక చూశాడు.

"ఆయన్నేం చూస్తావు? నన్ను చూడు. ఆపకపోతే నాతో సహా ఎత్తు."

ఇంజను ఆగింది. మా ఆయన కొబ్బరిబొండం తాగుతున్నవాడల్లా చేతిలోది కింద పెట్టి, "అప్పుడే వచ్చేశావేంటి? దర్శనం బాగా అయిందా?" అన్నాడు.

నా ఒళ్ళు మండిపోయింది. "బ్రహ్మాండంగా అయిందండి. ఆటో ఖర్చులిచ్చి మరీ పంపారు కదా. తిరుపతి పంపిస్తే ఇంకా నింపాదిగా తవ్వుకునేవారు."

"నలుగురిలో ఏంటా మాటలు? నీ కోసమే చేస్తున్నా. ప్లాటు ఇస్తున్నారు. రెండొందల గజాలు, మెయిన్ రోడ్డుకి మూడోది. దాన్ని అమ్మితే పదిహేను సెంట్లేంటి, ముప్ఫై కొనొచ్చు."

ప్లాటు! ఆ మాట మా ఇంట్లో మళ్ళీ వినిపిస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. వెంచర్ వాళ్ళు నర్సరీలకి డబ్బివ్వరు. గేటు దగ్గర, రోడ్ల పొడుగునా చెట్లు నాటించుకుని, బదులుగా ప్లాటు రాస్తామంటారు. మూడేళ్ళ కిందట ఈయన ఇలాగే రెండు లారీల పామ్ చెట్లు ఇచ్చాడు. వారం తరవాత నన్ను కారులో తీసుకెళ్ళి చూపించాడు. గేటు నుంచి లోపలికి రెండు వరసల్లో మా చెట్లే. "చూశావా ఎంత డెవలప్ అయిందో! ఏడాదిలో డబులవుతుంది" అని ఒకటే మురిసిపోయాడు. తను పెంచిన చెట్లు చూసి తనే నమ్మేశాడు! ఆ చెట్లు తీసేస్తే అక్కడ మిగిలేది బీడు నేల, నాలుగు తెల్ల రాళ్ళు. ఏడాది తిరిగేసరికి అది కాలవ పోరంబోకని తేలింది. నీళ్ళు పోసే వాళ్ళు లేక చెట్లు ఎండిపోయాయి. మొక్కల వ్యాపారం చేసేవాడు తప్ప భూమ్మీద ఇంకెవడూ ఇలా మోసపోడు. అందులోనూ రెండోసారి!

తెల్ల చొక్కా వేసుకున్న ఒకాయన మధ్యలోకి వచ్చాడు. వెంచర్ తాలూకు మనిషి, గణేష్‌బాబు అట. "మేడమ్ గారూ, టైమైపోతోందండి. ఆదివారం మా ఓపెనింగ్. సార్ ఒప్పుకుని కాగితం మీద సంతకం పెట్టారు."

"ఈ చెట్లు ఇలా లాగితే చస్తాయని సార్ చెప్పారాండి మీకు?"

"లాజరు ఉన్నాడుగా" అన్నాడు మా ఆయన గబగబా. "లాజరు చెయ్యి పడితే ఏ చెట్టూ చావదు."

లాజరు చెట్లు ఎత్తడంలో ఈ చుట్టుపక్కల పేరున్న మేస్త్రీ. గోనెపట్టాలు, తాళ్ళు పక్కన పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాడు. ఎర్ర గుడ్డలు కట్టిన పన్నెండు చెట్లకీ వేళ్ళు కోసింది ఆయనే.

"లాజరన్నా, నువ్వు చెప్పు. బతుకుతాయా?"

ఆయన లేచి తువ్వాలు దులుపుకున్నాడు. "బతకవమ్మా. పొద్దున్నే చెప్పాను. ఎత్తడం వరకే నీ పని, డాక్టరు పని నీకెందుకన్నారు అయ్యగారు. ఆ మొదటిది లాగినప్పుడు వేళ్ళు తెగుతుంటే వినలేకపోయాను."

"చస్తే చచ్చాయండి" అన్నాడు గణేష్‌బాబు. "మాకేం ఇబ్బంది లేదు. ఏడాదిలోపు ఎండితే చెట్టుకి చెట్టు ఇస్తానని సార్ రాసిచ్చారు."

నలభై చచ్చాక మళ్ళీ నలభై! పద్నాలుగేళ్ళ చెట్లు!

"ఎక్కణ్ణుంచి తెస్తారండి?" అన్నాను మా ఆయనతో. "చెప్పండి. ఎవరింటి వెనక ఉన్నాయి ఇంకో నలభై? నేను ఇప్పుడు మొలకలు పాతితే నాకు అరవై ఏళ్ళొస్తాయి. ఆగుతారా వీళ్ళు?"

"అబ్బా, అంతదూరం రాదులే. ఏదో ఫార్మాలిటీకి..."

"నిజమేనండి, అంతదూరం రాదు" అన్నాడు గణేష్‌బాబు, నన్ను ఊరడిస్తున్నాననుకుని. "ఆదివారం బ్రోచర్ ఫంక్షన్లో గేటు దగ్గర నిలబడి కనిపిస్తే చాలండి. బుకింగులు అయిపోతాయి. తరవాత ఎవరు పట్టించుకుంటారు?"

"విన్నారా?" అన్నాను. "చెట్లు నాలుగు రోజులు నిలబడితే చాలంట. ఆ చెట్లని చూసే జనం కొంటారు. పోయినసారి మీ చేత కొనిపించినట్టే."

మా ఆయన మొహం ఎర్రబడింది. "నర్సరీ నాది. కౌలు కాగితం నా పేరు మీదుంది. నువ్వు పక్కకి తప్పుకో."

"కాగితం మీ పేరు మీదే. చెట్లు నా కూలి. మీరు అంటు కట్టే కత్తి ఒక్కరోజైనా పట్టారా?"

"బాబూ డ్రైవరూ, నువ్వు స్టార్ట్ చెయ్" అన్నాడు.

అప్పుడు మా అత్తగారు వచ్చింది. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకుంటూ. నేను పట్టుకోబోతే విదిలించింది. కుర్చీ తెచ్చి సరిగ్గా జేసీబీ బకెట్టు కింద వేసుకుని కూర్చుంది.

"నన్ను కూడా తీసుకెళ్ళి ఆ గేటు దగ్గర పెట్టండ్రా" అంది. "నాకు ముందు వేళ్ళు కొయ్యక్కర్లేదు, తేలిగ్గా వచ్చేస్తాను. ఆదివారం దాకా నిలబడగలను కూడా."

లాజరు పక్కకి తిరిగి నవ్వుకున్నాడు. డ్రైవరు తాళం తీసి జేబులో వేసుకుని, "టీ తాగొస్తానండి" అని దిగిపోయాడు.

"అమ్మా, నువ్వు లోపలికి పో" అన్నాడు మా ఆయన.

"ఎందుకు పోవాలి? మీ నాన్న ఇలాగే మా నాన్న ఇచ్చిన ఎకరం అమ్మి లారీ కొన్నాడు. అప్పుడు లోపలికి పొమ్మంటే పోయాను. ఇప్పుడు మోకాళ్ళు వంగట్లేదు, లేవలేను."

గణేష్‌బాబు ఫోన్ చేసుకుంటూ గేటు దాకా వెళ్ళి వచ్చాడు. కాగితం చూపించి, లారీల కిరాయి ఎవరిస్తారన్నాడు. నేను మా ఆయన చొక్కా జేబులోంచి, మడత కూడా నలగని ప్లాటు కాగితం తీసి అతని చేతిలో పెట్టాను.

"ఇది మీరుంచుకోండి, మీరు రాయించుకున్నది ఇటివ్వండి. కిరాయి సార్ ఇస్తారు. నన్ను గుడికి పంపగా మిగిలి ఉంటుంది."

అతనికి ఆదివారం లోపు నలభై చెట్లు ఎక్కడో ఒకచోట దొరకాలి. ఎక్కువసేపు వాదించలేదు. సంతకం కాగితం ఇచ్చేసి, పక్క నర్సరీ ఎటని లాజరునే అడిగాడు. లాజరు చెప్పలేదు.

లారీలు వెళ్ళిపోయాక మా ఆయన అరుగు మీద కూర్చున్నాడు. "ఒక్క చెట్టే కదా పోయింది. ముప్ఫై తొమ్మిది ఉన్నాయిగా" అన్నాడు, ఏదో మంచి కబురు చెబుతున్నట్టు.

నేను ఆ రోజు వంట చెయ్యలేదు. ఎదురుగా నిలబడి చెప్పాను. "నలభై అయితేనే పదిహేను సెంట్లు. ఆ ఒక్కటీ మీరు తేవాలి."

"కారు అమ్మేస్తాను."

"ఫైనాన్సు తీరలేదు. అమ్మితే మనమే ఎదురు కట్టాలి."

"మరేం చెయ్యమంటావు? ఎక్కడన్నా సర్దుబాటు..."

"సర్దుబాటు వద్దు. రేపు పొద్దున్న అంట్లు కట్టే షెడ్డులోకి రండి, కూలి చేసి తీర్చండి."

రాడనుకున్నాను. మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు, సత్యప్రసాద్ గారు ఎవరినో వెంటబెట్టుకుని వచ్చి బోరు చూపించి వెళ్ళాక, వచ్చాడు. పది మంది ఆడవాళ్ళం గోనె పరుచుకుని గులాబి అంట్లు కడుతున్నాం. ఆయన చివర కూర్చున్నాడు. కత్తి, అంటుకి చుట్టే ప్లాస్టిక్ పట్టీల చుట్ట ముందు పెట్టాను. అందరికీ ఇచ్చినట్టే, కట్టిన అంటుకి రెండు రూపాయలు.

"రాజేంద్ర గారండీ, పట్టీ అటు కాదండి, ఇటు తిప్పాలండి" అంది పాపాయి మా ఆయనతో. "అయ్యో, అంత గట్టిగా బిగిస్తే అది ఊపిరాడక చస్తుందండి. చెట్టుకి చెట్టు ఇవ్వాలి మళ్ళీ."

ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. మొదటి రోజు డెబ్భై కట్టాడు, అందులో ముప్ఫై పనికిరాలేదు. వేలు కోసుకున్నాడు. సాయంత్రం ఎనభై రూపాయలు చేతిలో పెడితే, వాటిని చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. నాకు జాలి వెయ్యలేదు. నేను వేలు కోసుకున్న రోజుల్లో ఆయనకీ వెయ్యలేదు.

పడిపోయిన చెట్టుని లాజరు మళ్ళీ గోతిలో నిలబెట్టాడు. బతకదని అందరికీ తెలుసు. అయినా ఈయన రోజూ పొద్దున్నే పైపు పట్టుకుని దానికి నీళ్ళు పెట్టేవాడు. నేను చూసీ చూడనట్టు పోయేదాన్ని. డిసెంబరు మధ్యకి ఆకులు ఒక్కొక్కటే గోధుమరంగుకి తిరిగి వాలిపోయాయి.

మిగతా చెట్లకి లాజరు ఒక పక్క వేళ్ళు కోసి, నెల ఆగి, రెండో పక్క కోశాడు. ప్రతి గాడి దగ్గరా నేను నిలబడ్డాను. జనవరి నాలుగో వారంలో బెంగుళూరు లారీలు వచ్చాయి. ముప్ఫై తొమ్మిదీ మట్టి చెదరకుండా ఎక్కాయి. ఒక చెట్టు డబ్బు తక్కువైంది. దానికి, అమ్మకూడదనుకున్న ఆ చివరి జత, మా అమ్మ చేయించిన గాజులు కూడా అమ్మేశాను. ఇరవై తొమ్మిదో తారీఖున పదిహేను సెంట్లూ నా పేరు మీద రిజిస్టరయ్యాయి. సాక్షి సంతకం మా అత్తగారు పెట్టింది.

మర్నాడు పొద్దున్న మా ఆయన తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కారు తుడుస్తున్నాడు. హుషారుగా ఉన్నాడు.

"ఎక్కడికండి?"

"అలా రాజమండ్రి. ఓ పార్టీ రమ్మంది. ఇంకేంటి, అయిపోయిందిగా!"

కత్తి, పట్టీల చుట్ట తీసుకొచ్చి కారు బానెట్ మీద పెట్టాను.

"రిజిస్ట్రేషన్ అయిపోయింది. మీ చెట్టు బాకీ అవలేదు."

ఆయన వెనక్కి తిరిగి కాలవ వైపు చూశాడు. ముప్ఫై తొమ్మిది గోతుల మధ్య ఆ ఎండిపోయినది ఒక్కటే నిలబడి ఉంది. షెడ్డులోంచి పాపాయి, "రాజేంద్ర గారండీ, మీ గోనె పరిచేశామండి" అని కేకేసింది.

ఇస్త్రీ చొక్కా విప్పి కారు అద్దానికి తగిలించి, ఆయన కత్తి తీసుకున్నాడు.